డాట్సన్ జడ్‌కు ఐదు గేర్ల బాక్సు: గుర్తుపట్టడం, కొలవడం, బిగించడం

అమెరికాలో అమ్మిన డాట్సన్ 240జడ్‌కు (నిస్సాన్ కంపెనీ 1970ల నాటి స్పోర్ట్స్ కారు) నాలుగే గేర్లు. నాలుగో గేరు నిష్పత్తి 1.000, వెనక చక్రాలకు తిప్పుడు అందించే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, నిష్పత్తి 3.364. 195/70ఆర్14 టైర్లు వేసిన బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజన్ నిమిషానికి సుమారు 2,840 సార్లు తిరుగుతుంది. ఐదో గేరు ఉంటే అదే వేగానికి 2,450 చాలు, ఇంకో రకం బాక్సులో అయితే 2,115 చాలు. పాత జడ్ కొన్నవాళ్లు మొదట ఈ మార్పు కోసమే వెతుక్కునేది అందుకే.

బాక్సు దొరకడం మరీ కష్టం కాదు. 280జడ్‌కు 1977 నుంచి ఐదు గేర్లు ఆప్షన్‌గా వచ్చాయి. 1979 నుంచి 1983 దాకా వచ్చిన 280జడ్ఎక్స్‌లోనూ అదే కుటుంబం బాక్సు. జడ్‌లో ఉండే ఎల్ సిరీస్ ఇంజన్లన్నిటికీ, నాలుగు సిలిండర్లదైనా ఆరు సిలిండర్లదైనా, బెల్ హౌసింగ్ (బాక్సును ఇంజన్‌కు కలిపే గంట ఆకారపు ముందు తొడుగు) బోల్టులు ఒకే చోట ఉంటాయి. చిక్కంతా ఇక్కడే. బోల్టులు కలవగానే పని అయిపోయిందనుకుంటాం. బండి కిందికి దిగాక క్లచ్ విడవదు, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, మొదటి గేరులో బండి ముక్కుతూ కదులుతుంది. ఈ మూడింటికీ కారణం బాక్సు కాదు, దాని ముందూ వెనకా ఉన్న సామాను.

కోడు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మీకు కావలసిన బాక్సు పేరు ఎఫ్ఎస్5డబ్ల్యూ71బి. ఇందులో 5 అంటే గేర్ల సంఖ్య. డబ్ల్యూ అంటే వార్నర్ తరహా సింక్రో, గేరు మార్చేటప్పుడు వేగాలు సమం చేసి చప్పుడు లేకుండా కలిపే ఏర్పాటు. 71 అంటే మెయిన్ షాఫ్టుకూ కౌంటర్ షాఫ్టుకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. అంకె పెరిగితే గేర్లు పెద్దవి, బాక్సు గట్టిది. నిస్సాన్ చిన్న కార్లకు 56, 60, 63 కుటుంబాలు కూడా చేసింది. చివర ఉన్న బి ఎన్నో రూపమో చెబుతుంది.

సి అనే అక్షరం దగ్గర చాలామంది పొరబడతారు. 71కి ముందు సి ఉంటే అది పోర్షే తరహా సర్వో సింక్రో. 71కి తర్వాత సి ఉంటే అది 1980ల నాటి మూడో రూపం. ఎఫ్ఎస్5సి71ఏ, ఎఫ్ఎస్5డబ్ల్యూ71సి పేర్లు చూడటానికి దగ్గరగానే ఉన్నా వస్తువులు వేరు. మొదటిదానికి సింక్రో రింగులు దొరకడం గగనం. రెండోది ఎల్ ఇంజన్‌కు నేరుగా అతకదు.

పైగా కోడు చాలాసార్లు అమ్మేవాడి నోట్లోనే ఉంటుంది, బాక్సు మీద ఉండదు. కాబట్టి ఒంటి తీరు చూసి తేల్చుకోండి.

కోడు చివర ‘ఏ’ ఉన్న రూపంలో బెల్ హౌసింగ్ విడి భాగం, గేర్ల డబ్బాకు బోల్టులతో బిగించి ఉంటుంది. 1970, 71 తొలి 240జడ్‌లలో వచ్చిన నాలుగు గేర్ల బాక్సు ఇదే. బి రూపంలో బెల్ హౌసింగూ గేర్ల డబ్బా ముందు భాగమూ కలిపి ఒకే అల్యూమినియం పోత. దాని వెనక ఒక అడాప్టర్ ప్లేటు, ఆ వెనక తోక భాగం. పక్క నుంచి చూస్తే రెండు పోతల మధ్య ఇరుక్కున్న ప్లేటు అంచు చుట్టూ గీతలా కనిపిస్తుంది. లోపలి షాఫ్టులన్నీ ఆ ప్లేటు మీదే నిలబడతాయి.

ఇంజన్ వైపు పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు కూడా లెక్కపెట్టండి. 71బికి 24 ఉండాలి.

లీవర్‌తో మొదటి పరీక్ష

లీవర్ లేకపోతే పైరంధ్రంలో పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి కదపవచ్చు. నాలుగు గేర్ల బాక్సులో కుడివైపుకు నెట్టి వెనక్కి లాగితే రివర్స్, కుడివైపు ముందుకు దారి ఉండదు. ఐదు గేర్లదాంట్లో కుడివైపు ముందుకు తోస్తే ఐదు, వెనక్కి లాగితే రివర్స్. ఒకటో గేరు ఎడమవైపు వెనక్కి ఉంటే అది డాగ్‌లెగ్ బాక్సు. అలాంటివాటిలో కొన్నిటికి ఐదో గేరే 1.000. రేసుకు బాగుంటుంది, హైవే మీద హోరు తగ్గాలనుకునేవాళ్లకు మాత్రం పనికిరాదు.

తిప్పి లెక్కపెట్టడం

అనుమానం తీరే దారి ఇదొక్కటే, పది నిమిషాల పని. పాత క్లచ్ ప్లేటు ఒకటి తీసుకుని ఇన్‌పుట్ షాఫ్టుకు తొడగండి. అది చేతికి పట్టు ఇస్తుంది, పళ్లు కుదిరాయో లేదో కూడా చెబుతుంది. ప్లేటు మీదా బెల్ హౌసింగ్ మీదా సుద్దతో ఒక్కో గీత పెట్టండి. వెనక అవుట్‌పుట్ షాఫ్టుకు యోక్ (ప్రొపెల్లర్ షాఫ్టు ముందు చివర తొడుగు) తొడిగి దాని మీద మరో గీత. మొదటి గేరు వేసి, అవుట్‌పుట్ సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా ఇన్‌పుట్‌ను తిప్పుతూ లెక్కపెట్టండి. తర్వాత ఐదో గేరులో మళ్లీ అదే.

ఒక్క చుట్టుతో లెక్క వేయకండి. గేర్ల మధ్య ఉండే ఖాళీ వల్ల తప్పుతుంది. పది చుట్లయితే ఆ తప్పు మునిగిపోతుంది.

మొదటి గేరులో ఇన్‌పుట్ దాదాపు 36 చుట్లు తిరిగితే అది 1972–73 నాటి 240జడ్ నాలుగు గేర్ల బాక్సు: 3.592, 2.246, 1.415, 1.000.

33 చుట్లకు కొంచెం పైన వచ్చి, ఐదో గేరులో 8.6 వస్తే 1977–78 నాటి 280జడ్ ఐదు గేర్లది: 3.321, 2.077, 1.308, 1.000, 0.864. ఐదో గేరు లేకుండా మొదటి గేరు ఇంతే వస్తే, 260, 280జడ్‌ల నాలుగు గేర్ల బాక్సు మీ ముందు ఉన్నట్టే.

30.6 వచ్చి, ఐదో గేరులో 7.5 వస్తే 1981–83 నాటి 280జడ్ఎక్స్ బాక్సు: 3.062, 1.858, 1.308, 1.000, 0.745. క్లోజ్ రేషియో అని పిలిచేది దీన్నే. ఒకటి నుంచి నాలుగు దాకా గేర్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి గానీ, నాలుగు నుంచి ఐదుకు పెద్ద దూకుడు.

29.6 వచ్చి ఐదో గేరు 8.5 అయితే యూరప్, జపాన్ తొలి కార్ల ‘ఏ’ రూపం బాక్సు: 2.957, 1.858, 1.311, 1.000, 0.852. బెల్ హౌసింగ్ విడిగా ఉందేమో చూస్తే సందేహం పోతుంది.

మీ డిఫరెన్షియల్‌కు ఏది నప్పుతుంది

బాక్సును ఒంటరిగా చూసి మంచిదో కాదో చెప్పలేం. గేరు నిష్పత్తిని డిఫరెన్షియల్ నిష్పత్తితో గుణించండి. అసలు 240జడ్ నాలుగు గేర్ల బాక్సుకు మొదటి గేరు మొత్తం 3.592 × 3.364, అంటే 12.08. అదే డిఫరెన్షియల్‌కు 3.321 బాక్సు పెడితే 11.17. తేడా తెలుస్తుంది, కానీ అలవాటైపోతుంది. 3.062 బాక్సు పెడితే 10.30. ఇది అసలుకన్నా 15 శాతం బరువైన మొదటి గేరు. ట్రాఫిక్‌లో, ఎత్తు మీద, క్లచ్‌ను సగం నొక్కి పట్టి బండిని కదపాల్సి వస్తుంది, క్లచ్ ప్లేటు తొందరగా అరిగిపోతుంది. ఐదో గేరులో ఇంజన్ 2,115 దగ్గర తిరుగుతూ చిన్న ఎత్తు వచ్చినా నాలుగుకు దిగమంటుంది.

3.062 బాక్సు నిజానికి 3.90 డిఫరెన్షియల్ కోసం తయారైంది. ఆ జతలో మొదటి గేరు 11.94, అసలు కారుకు చాలా దగ్గర. ఐదో గేరు 2.906. ఇప్పుడు 3.321 బాక్సును 3.364తో జత చేసి చూడండి: ఐదో గేరు 2.907! హైవే మీద రెండు జతలూ ఒక్కటే, తేడా అంతా కింది గేర్లలో.

కాబట్టి 3.364 అలాగే ఉంచేవాళ్లకు 1977–78 బాక్సే సరైనది. క్లోజ్ రేషియో పేరు విని ఎక్కువ డబ్బు పోయకండి. డిఫరెన్షియల్ కూడా మార్చే ఓపిక ఉంటేనే 1981–83 బాక్సు. ఆర్180 రకం డిఫరెన్షియల్ నుంచి ఆర్200కు వెళ్తే వెనక మీసం ఆకారంలో ఉండే మౌంటు బార్, బాక్సును డిఫరెన్షియల్‌కు కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, ఫ్లాంజి బోల్టుల దూరం అన్నీ చూసుకోవాలి. 180, 200 అనేవి డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం (క్రౌన్ వీల్) వ్యాసాలు, మిల్లీమీటర్లలో.

డబ్బు ఇచ్చే ముందు

డ్రెయిన్ ప్లగ్ తీయించండి. సన్నటి బూడిదరంగు పేస్టు మామూలే. పసుపు రంగు మెరుపు ఎక్కువగా ఉంటే సింక్రో రింగులు అరిగాయి. గోటికి తగిలే ఉక్కు ముక్క కనిపిస్తే గేరు పన్నో బేరింగో పోయినట్టు, బాక్సు వదిలేయండి. ఇన్‌పుట్ షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కొద్దిపాటి కదలిక ఉంటుంది, దాని ముక్కు ఇంజన్ క్రాంక్ షాఫ్టు చివర బుష్‌లో కూర్చున్నప్పుడే స్థిరపడుతుంది. కానీ తిప్పుతుంటే గరగర వినపడకూడదు. బెల్ హౌసింగ్ చెవుల దగ్గర పగుళ్లు వెతకండి. ఎవరో ఒకరు బాక్సును బోల్టులతో లాగి కూర్చోబెట్టిన గుర్తులు అక్కడే ఉంటాయి.

బాక్సు ఇంకా కారులోనే ఉంటే నడిపి వినండి. న్యూట్రల్‌లో గరగరమని, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ లేదా కౌంటర్ షాఫ్టు బేరింగ్. క్లచ్ తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కి విడదీసేది), అది ఎలాగూ మారుస్తారు. రెండో గేరులోకి దిగేటప్పుడు చప్పుడు చేస్తే ఆ సింక్రో రింగు ఖర్చు ధరలోంచి తీసేయమనండి. లీవర్ వదులుగా గిలగిలలాడినా భయపడొద్దు, అడుగున ఉండే ప్లాస్టిక్ బుష్‌లు మారిస్తే సరిపోతుంది.

కొనేటప్పుడు బాక్సుతో పాటు లీవర్, దాని పిన్, క్లచ్ ఫోర్కు, రిలీజ్ బేరింగ్ కాలర్, స్పీడోమీటర్ పినియన్ దాని హౌసింగ్‌తో సహా అడిగి తీసుకోండి. విడిగా వెతికితే వీటి ధరే బాక్సు ధరతో పోటీ పడుతుంది.

కాలర్ లెక్క

మొత్తం పనిలో ఎక్కువమంది రెండోసారి బాక్సు దించేది దీనివల్లే. రిలీజ్ బేరింగ్ బిగించే కాలర్ రకరకాల ఎత్తుల్లో వచ్చింది. ఏ కాలర్ వాడాలో బాక్సును బట్టి కాదు, క్లచ్ కవర్‌ను బట్టి తేలుతుంది. మామూలు జడ్‌లో 225 మి.మీ. క్లచ్, దాని కవర్ పొట్టిది, కాలర్ పొడవుది. వెనక సీట్లు కూడా ఉన్న 2+2 జడ్‌లో 240 మి.మీ. క్లచ్, కవర్ ఎత్తు ఎక్కువ, కాలర్ పొట్టిది. బాక్సుతో 2+2 కాలర్ వస్తే, దాన్ని మీ 225 క్లచ్ మీద వాడితే ఫోర్కు చివరిదాకా వెళ్లినా కవర్ మధ్యలోని స్ప్రింగు వేళ్లు పూర్తిగా నొక్కుకోవు. గేరు పడదు, రివర్స్ గర్రుమంటుంది. ఫోర్కును తోసే స్లేవ్ సిలిండర్ పిస్టన్ బయటికొచ్చి ద్రవం కారడమూ ఉంది. తిరగేసి, పొట్టి కాలర్ కావలసిన చోట పొడవుది పెడితే బేరింగ్ ఎప్పుడూ వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. క్లచ్ జారి కాలిపోతుంది.

పాత క్లచ్ బాగా పనిచేస్తుంటే, పాత కాలర్‌నే కొత్త బాక్సులోకి మార్చండి. అదే రకం క్లచ్ కవర్ వేసేవాళ్లకు ఇంతకుమించి ఆలోచించే పని లేదు. క్లచ్ మారుస్తుంటే మాత్రం కొలవాలి. ఫ్లైవీల్‌కు కొత్త ప్లేటు, కవర్ బిగించి, కాలర్‌కు బేరింగ్ ఎక్కించి, దాన్ని కవర్ వేళ్ల మీద నిలబెట్టండి. ఫ్లైవీల్ ముఖం నుంచి, కాలర్ మీద ఫోర్కు తగిలే చెవుల దాకా ఎంతుందో చూడండి. ఎల్ ఇంజన్ల మీద పనిచేసేవాళ్లు పెట్టుకునే గురి 92 మి.మీ. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా సర్దుకుంటుంది, ఐదారు వస్తే కాలర్ తప్పు. బెల్ హౌసింగ్‌లో ఫోర్కు ఆనే గుండు స్టడ్ పొడవు కూడా పాత బాక్సు స్టడ్‌తో పోల్చి చూడండి.

తొలి 240జడ్‌లలో స్లేవ్ సిలిండర్ రాడ్‌ను సర్దుకునే వీలుంటుంది, లాగే స్ప్రింగు ఉంటుంది. తర్వాతివాటిలో రెండూ ఉండవు. ఏ సిలిండర్ వాడితే దాని ఫోర్కు, దాని రాడ్ జతగా వాడండి.

దించడం, ఎక్కించడం

బ్యాటరీ తీగ తీయండి. కారు నాలుగు స్టాండ్ల మీద, సమంగా. బాక్సు నూనె ముందే దించేయండి, లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు లాగగానే తోక లోంచి మీ ముఖం మీదికి వస్తుంది. షాఫ్టు డిఫరెన్షియల్ ఫ్లాంజి మీద ఏ దిక్కున ఉందో గుర్తు పెట్టుకుని నాలుగు బోల్టులు తీయండి. స్పీడో కేబుల్, రివర్స్ లైటు తీగ, స్లేవ్ సిలిండర్ (గొట్టం విప్పకుండా పక్కకు కట్టేస్తే చాలు, గాలి తీసే పని తప్పుతుంది), స్టార్టర్, ఎగ్జాస్ట్ పైపు పట్టీ, లీవర్. ఇంజన్ అడుగున ఉండే నూనె పాత్ర (సంప్) కింద చెక్కముక్కతో జాకీ పెట్టండి. వెనక మౌంటు తీయగానే ఇంజన్ వెనక్కి వాలుతుంది, ఫ్యాను ఎక్కడైనా తగులుతుందేమో పైనుంచి ఒకరు చూస్తుండాలి.

బాక్సు బరువు 35 కిలోలకు తక్కువ ఉండదు. పడుకుని ఛాతీ మీద దించుకునే ప్రయోగం వద్దు, బాక్సు జాకీ అద్దెకు తెచ్చుకోండి.

బయటికొచ్చాక క్రాంక్ చివరి బుష్ మార్చండి. అసలు ఆటోమేటిక్‌గా వచ్చిన కారయితే అక్కడ బుష్ ఉండదు, కొత్తది కొట్టాలి. ఆటోమేటిక్ ప్లేటు బోల్టులు ఫ్లైవీల్‌కు పొట్టి, వాటిని వాడకండి. ఇంజన్ వెనక సన్నటి ఇనుప ప్లేటు, బాక్సును సూటిగా కూర్చోబెట్టే రెండు డోవెల్ గొట్టాలు ఉన్నాయో లేదో చూడండి. డోవెల్ లేకుండా బిగిస్తే ఇన్‌పుట్ షాఫ్టు వంకరగా తిరిగి కొత్త బేరింగ్‌ను కొన్ని నెలల్లోనే తినేస్తుంది.

క్లచ్ ప్లేటును అలైన్‌మెంట్ రాడ్‌తో నడిమధ్యలో నిలిపి కవర్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఇన్‌పుట్ పళ్లకు పలుచగా గ్రీజు. బాక్సు ఏదో ఒక గేరులో ఉంచి, వెనక యోక్‌ను మెల్లగా తిప్పుతూ ముందుకు తోయండి. చివరి సెంటీమీటరు దగ్గర ఆగితే వాలు సరిచేయండి. బోల్టులతో లాగకండి. చెవి విరిగేది అక్కడే. బరువును ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడనివ్వకండి, క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగుతుంది. బెల్ హౌసింగ్ ముఖం ఇంజన్‌కు చేత్తోనే ఆనాక, 10 మి.మీ. బోల్టులను 44–59 న్యూటన్ మీటర్లకు బిగించండి. పొడవువి, పొట్టివి ఏ రంధ్రంలోవి ఆ రంధ్రంలోకే.

1972 తర్వాతి 240జడ్‌కు వెనక మౌంటు, ప్రొపెల్లర్ షాఫ్టు మార్చక్కర్లేదు, పొడవు ఒకటే. ‘ఏ’ రూపం బాక్సుతో వచ్చిన తొలి కార్లలో మౌంటు చోటు కొలుచుకుని దిగండి. పాత లీవర్ వంపు వల్ల ఒకటి, మూడు, ఐదు గేర్లకు ముందుకు తోసినప్పుడు, బాక్సు మీద ఉబ్బెత్తుగా ఉండే నేల (టన్నెల్) రంధ్రం అంచుకు తగులుతుంది. ఐదు గేర్ల కారు లీవర్ వాడండి, లేదా అంచు కొంచెం కత్తిరించండి. లీవర్ తగిలి గేరు పూర్తిగా పడకపోతే నడుస్తుండగా జారిపోతుంది, సింక్రోను అనుమానిస్తూ కూర్చుంటారు.

చివరి సామాను

కొత్త బాక్సు ఒంటి మీద రెండు మూడు స్విచ్‌లు ఉండవచ్చు, పొగ నియంత్రణ కోసం పెట్టినవి. మల్టీమీటర్ పెట్టి, రివర్స్ వేసినప్పుడు మాత్రమే కలిసే స్విచ్ ఏదో చూసి లైటు తీగ దానికే ఇవ్వండి. మిగతావి నూనె కారకుండా అక్కడే ఉండనివ్వండి.

స్పీడోమీటర్ పినియన్ పళ్లు డిఫరెన్షియల్‌ను బట్టి మారతాయి. డిఫరెన్షియల్ మార్చకపోతే పాత బాక్సు పినియన్‌ను హౌసింగ్‌తో సహా కొత్తదానికి మార్చేయండి. పినియన్ ఒక్కటే మార్చి హౌసింగ్ వదిలేయకండి. హౌసింగ్ రంధ్రం నడిమధ్యలో ఉండదు, పళ్ల సంఖ్యకు తగ్గట్టు పక్కకు జరిపి తీసినది. జత కలవకపోతే పళ్లు కొరుక్కుపోతాయి.

నూనె విషయంలో జీఎల్-4 ప్రమాణం గేరు నూనె, 80డబ్ల్యూ-90 చిక్కదనంది పోయండి. జీఎల్-5లోని గంధకం రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తింటాయి. ఐదు గేర్లదానికి సుమారు 2 లీటర్లు, నాలుగు గేర్లదానికి 1.7. ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారడం మొదలైతే నిండినట్టే. నూనె దించే ప్రతిసారీ ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పి చూడండి. అది తుప్పుపట్టి రాకపోతే ఖాళీ బాక్సుతో మిగిలిపోతారు.

ఇతర బండ్ల సామాను వస్తే

డాట్సన్ 720 పికప్ బాక్సు ఎల్ ఇంజన్‌కు బోల్టు అవుతుంది. కానీ తోక పొడవు, లీవర్ చోటు వేరు, నాలుగు చక్రాల డ్రైవ్ రకమైతే అసలు పనికిరాదు. 280జడ్ బాక్సును డాట్సన్ 510లో పెట్టాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టి చేయించాలి, వెనక మౌంటు మార్చాలి. నిస్సాన్ 240ఎస్ఎక్స్ కారు నుంచి వచ్చే 71సి లోపలి భాగాలను 71బి ముందు పోతలో కూర్చోబెడతారు. అక్కడ కౌంటర్ షాఫ్టు ముందు బేరింగ్ బయటి వ్యాసం కొలిచి, లేత్ పని ఎంతో తేల్చుకున్నాకే కొనండి. 1982–83 టర్బో 280జడ్ఎక్స్‌లో ఉన్నది బోర్గ్ వార్నర్ టీ5. గట్టిదే గానీ యోక్, మౌంటు, షాఫ్టు మూడూ మార్చాలి.

మన దేశంలో తిరిగిన ప్రీమియర్ 118ఎన్ఈలో ఉన్నదీ నిస్సాన్ ఇంజనే, ఏ12. ఆ గేర్‌బాక్సు పాత సామాను కొట్లో కనిపిస్తే జడ్‌కు పనికొస్తుందని ఆశపడకండి. అది ‘ఏ’ సిరీస్ ఇంజన్ల చిన్న కుటుంబం, ఎల్ ఇంజన్ బోల్టులకు ఒక్క రంధ్రమూ కలవదు.